జ్వరమొచ్చిన ఏరు

మ్యూజియం వెనక, పెయింటింగ్ షెడ్డు
వానలు తగ్గుముఖం పట్టిన రోజులు

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్లో నీతో మాట్లాడటం ఒకటీ గోడతో మాట్లాడటం ఒకటీనా! గోడ నయం, కనీసం "సరే అక్కా, ఉంటాను" అని మధ్యలో పెట్టేయదు. కాయితం మీదైనా నోరు విప్పుతావేమోనని ఈ ఉత్తరం.

నాకు ఆఖరి గోడ ఇచ్చారు. ఇది పూర్తి చేసి మెట్లు దిగితే ఇక రిటైరయినట్టే. ఇన్నేళ్లూ గడ్డి కూరిన పులుల వెనక అడవులు, ఒంటెల వెనక ఎడారులు గీశాను. ఈసారి కొత్త హాలు, మూల మీద వంపు తిరిగిన గోడ. దాని పేరు "మనిషి అడుగు పడని ఏరు, చలికాలపు పొద్దు". ఫోటోలు తెప్పించమంటారా అని అడిగారు. మన ఏరు ఉండగా నాకు ఫోటోలు దేనికిరా? కళ్లు మూసుకుని గీశాననుకో. గుహలోంచి వచ్చే నీళ్లు, నీళ్ల మీద ఆవిరి, ఒడ్డు పొడవునా పచ్చటి నాచు, పెళ్లి పందిట్లో జనంలా భుజాలు రాసుకుంటూ కొంగలు. దుంగ మీద వరసగా తాబేళ్లు. అన్నిటికంటే ముందు డిప్ప అంచు విరిగిన మన మేస్త్రీ. తను ఏ పనీ చేయకుండా మిగతావాటిని చూస్తూ కూర్చుంటుందని కదూ నాన్న దానికా పేరు పెట్టాడు?

అంతా అయ్యాక మా డాక్టరమ్మ వచ్చింది. జంతుశాస్త్రంలో డాక్టరేటు. సూది వేయడం రాదు గానీ మాటతో పొడవడం వచ్చు. వయసులో నా కూతురంత ఉంటుంది. గోడ ముందు చాలాసేపు నిలబడి, కళ్లజోడు తుడుచుకుని, "ఇది ఏ ఏరమ్మా?" అంది. చలికాలంలో తాబేళ్లు మట్టిలో దూరి పడుకుంటాయట. దుంగలెక్కి కూర్చోవట. నాచు ఇంత పచ్చగా ఉండదట, అంచుల్లో నీళ్లు గడ్డకట్టాలట. "ఇలాంటి ఏరు ఎక్కడా ఉండదమ్మా, చాలా అందంగా ఉంది గానీ" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఉండదేమిటి, నేను అందులో ఈత నేర్చుకున్నాను! అమ్మ మన ఇద్దర్నీ రెక్క పట్టుకుని తీసుకెళ్లి, ముందు తను చెయ్యి ముంచి చూసి, "ఇవాళ ఏటికి జ్వరం బాగానే ఉంది, దిగండి" అనేది కాదూ?

నువ్వుండేది అక్కడే కదా. ఓ పొద్దున్న ఒడ్డుకి వెళ్లి ఏమేం కనిపిస్తాయో చూసి రాయి. తెచ్చి ఆవిడ మొహాన కొడతాను.

మీ అక్క

ప్లాంటు క్వార్టర్సు, చివరి వరస

అక్కా,

మేము బాగున్నాం. మీ మరదలి దగ్గు అలాగే ఉంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి రాలేదు. అక్కా, నీకు నిజంగా తెలీదా? నాన్న జీవితమంతా బాయిలర్ దగ్గర పని చేశాడు, నేనూ అదే గేట్లోంచి లోపలికెళ్తున్నాను, ఇంక నీకు తెలియకుండా ఎలా ఉంటుందిలే అనుకున్నాను ఇన్నాళ్లూ.

అది గుహ కాదు. మా ప్లాంటు సొరంగం. కొండకి అవతలవైపు ఏట్లోంచి నీళ్లు తోడతాం. టర్బైను తిప్పి వచ్చిన ఆవిరిని ఆ నీళ్లతో చల్లార్చి, అవి వేడెక్కాక కొండ కిందుగా ఇవతలికి వదిలేస్తాం. మూతి చుట్టూ సిమెంటు ఉంది, లోపల ఇనప ఊచల జాలీ ఉంది. తీగలు అల్లుకుపోయి మనకి కనపడలేదు. భూమి లోపల నిప్పులున్నాయని నాన్న మనకి చెప్పిన కథ గుర్తుందా? ఆ నిప్పుల్లో బొగ్గు వేసేది ఆయనే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓసారి నీళ్లు పక్కకి మళ్లించి, సొరంగం శుభ్రం చేయమని దింపారు. చీపురు పట్టుకుని చీకట్లో నడిచీ నడిచీ వెలుతురు కనిపించిన చోట బయటికి చూస్తే ఎదురుగా మన దుంగ. దాని మీద మేస్త్రీ. నాక్కూడా కాసేపు అర్థం కాలేదు. మనింటికే పెరటి తలుపులోంచి వచ్చినట్టయింది. దాని అంచు విరిగింది రాయి తగిలి కాదు, మా జాలీలో ఇరుక్కునే.

డాక్టరమ్మ చెప్పింది నిజమే. వంతెన దాటి పైకి వెళ్తే చలికాలంలో ఏటి అంచులు గడ్డకడతాయి. మనం అటు ఎప్పుడూ వెళ్లలేదు. చలి కదా.

మేస్త్రీ ఇంకా ఉంది. పొద్దున్న చూసొచ్చాను. ఆవిడ మొహాన మాత్రం కొట్టకు.

తమ్ముడు

పెయింటింగ్ షెడ్డు, ముసురు పట్టిన రోజు

ఒరేయ్ మౌనస్వామీ,

బాగుంది నాయనా, చాలా బాగుంది! ఇంత విషయం కడుపులో పెట్టుకుని, నాకు తెలుసేమో అనుకున్నావా? నీ పెళ్లికి మీ ఆవిడకిచ్చిన బొమ్మ ఏది? ఆ ఏరు. మీ వంటగదిలో కేలండరు పక్కన ఉన్నది ఏది? ఆ ఏరు. చూసినప్పుడల్లా "బాగుందక్కా" అన్నావే గానీ, "అక్కా, ఇది ఫ్యాక్టరీ నీళ్లు" అన్నావా ఒక్కసారైనా?

నీ ఉత్తరం చదివి హాళ్లన్నీ ఒక చుట్టు చుట్టొచ్చాను. సందర్శకులు లేని వేళ, లైట్లు సగం తీసేసి ఉన్నాయి. పులి వెనక వాగు చూశాను. జింకల వెనక చెరువు చూశాను. అన్నిట్లోనూ అదే ఆకుపచ్చ, అదే పల్చటి ఆవిరి. మంచు ఎలుగుబంటి వెనక కూడా, నమ్ముతావా, నీళ్ల మీద కాస్త పొగ పెట్టేశాను! దాన్ని ఇన్నాళ్లూ ఎవరూ పట్టుకోలేదు. ఊళ్లో పిల్లలందరికీ ప్రకృతి అంటే ఇదీ అని నేను చూపించింది మన ప్లాంటు వదిలిన నీళ్లన్నమాట. ముందు నవ్వొచ్చింది. ఎలుగుబంటి ముందున్న బెంచీ మీద కూర్చుని కాసేపు ఏడ్చాను కూడా.

డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నవ్వుతుందనుకుంటే నవ్వలేదు. "మరి చిమ్నీ కనిపించేది కాదా అమ్మా?" అని అడిగింది. ఎందుకు కనిపించదు, నీళ్లకి వెళ్లినా బళ్లోకి వెళ్లినా నెత్తిమీద అదే కదా! కానీ ఒడ్డున ఎలా కూర్చునేవాళ్లమో గుర్తొచ్చింది. ఆ దుంగకి ఇవతల, చిమ్నీకి వీపు పెట్టి. ఎవరూ చెప్పలేదు అలా కూర్చోమని. అమ్మా అలాగే కూర్చునేది, బట్టలుతకడానికి వచ్చిన ఆడవాళ్లంతా అలాగే కూర్చునేవాళ్లు.

అయినా సరేరా. ఫ్యాక్టరీది అయితే అయింది, నా ఏరు నాకు కావాలి. ఆ వెచ్చదనం అబద్ధం కాదు కదా. అమ్మ వీపు రుద్దుతుంటే నీళ్లు మెడ దాకా, పైన చలిగాలి, ముక్కు ఎర్రగా. ఈ గోడ పని అయిపోగానే, మంచి చలి చూసుకుని వస్తాను. మోకాళ్లు పట్టేశాయి, ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే గానీ వదలవు. తాబేళ్లు ఎన్ని ఉన్నాయిప్పుడు? గుడ్లు పెట్టాయా?

మీ అక్క

క్వార్టర్సు

అక్కా,

చలికాలం దాకా ఎందుకు, ఇప్పుడే రారాదూ? మీ మరదలు కూడా అంటోంది. గోడ ఎక్కడికీ పోదు కదా.

బస్టాండుకి నేనొస్తాను. మోకాళ్లకి మంచిది.

తమ్ముడు

షెడ్డు, మొదటి చలిగాలి

తమ్ముడూ,

ఇవాళ నీ మీద నాకు వచ్చినంత కోపం, చిన్నప్పుడు నా రంగుల డబ్బా ఏట్లో పారేసినప్పుడు కూడా రాలేదు.

డాక్టరమ్మ పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది మీ వాళ్ల ప్లాంటేనా అమ్మా?" అని. చలి ముదరక ముందే మూసేస్తారట. ఊరంతా తెలుసు, పేపరు వాళ్లకి తెలుసు, నాకు మాత్రం "మోకాళ్లకి మంచిది, రా" అని రాస్తావా? నేనేమన్నా చంటిపిల్లనా?

గోడ వదిలి రాలేను. ప్రారంభోత్సవానికి పెద్దవాళ్లని పిలిచేశారు, రంగు ఆరాలి, నిచ్చెన మీద నేను తప్ప ఇంకెవరూ లేరు. అంటే నేను ఆ నీళ్లని ఇక చూడనన్నమాట. ఒక్క ముక్క ముందు చెప్పుంటే వానల్లోనే బయల్దేరి వచ్చేదాన్ని. ఎందుకు చెప్పలేదు? మిగతావి తర్వాత, ముందు దీనికి జవాబు రాయి.

అక్క

క్వార్టర్సు, ఆదివారం

అక్కా,

తిట్టు, తిట్టించుకుంటాను. ఎందుకు చెప్పలేదంటే, ఏరు ఫ్యాక్టరీదని చెప్పిన నోటితోనే ఆ ఫ్యాక్టరీ కూడా పోతోందని ఎలా చెప్పను? ఒకటి లాక్కుని, దాని బదులు ఇచ్చింది కూడా లాక్కున్నట్టుంటుంది. నీ గోడ పూర్తయ్యాక చెప్దామనుకున్నాను. అదొకటే కాదులే, ఇంకోటీ ఉంది.

మూసేయమని పెట్టిన అర్జీలో మొదటి సంతకం మీ మరదలిది. రెండోది నాది. ప్లాంటులో జీతం తీసుకుంటూ సంతకం పెట్టానని తోటివాళ్లు కొందరు నాతో మాట్లాడటం మానేశారు. కానీ దాని దగ్గు నువ్వు దగ్గరుండి వినలేదక్కా. ఆరేసిన చీరలు బూడిద దులిపి లోపలికి తెచ్చుకుంటాం. నాన్న దగ్గి దగ్గి ఎలా పోయాడో నీకు తెలుసు. మూసేయాల్సిందే. ఈ మాట ఎవరి దగ్గరైనా అంటాను. అంటూనే ఏటివైపు చూడలేకపోతున్నాను.

సీనియర్ ఆపరేటర్ని కాబట్టి పంపు ఆపాల్సింది నేనే. ఆపితే నీళ్లు చల్లబడతాయి. కొంగలు ఎగిరిపోతాయి, వాటికి రెక్కలున్నాయి. తాబేళ్ల సంగతే నాకు తోచడం లేదు. పుట్టిన దగ్గర్నుంచీ చలి అంటే తెలియనివి. మట్టిలో దూరి పడుకోవాలని వాటికెవరు చెప్తారు? మేస్త్రీ రోజూ దుంగ మీదే ఉంటోంది. నన్ను చూసి మెడ చాస్తుంది. దానికి తెలీదు కదా ఏం చేయబోతున్నానో.

మీ డాక్టరమ్మని అడుగు అక్కా. కోపం నా మీద ఉంచుకో, ఆవిడని మాత్రం ఇవాళే అడుగు.

తమ్ముడు

షెడ్డు

తమ్ముడూ,

అడిగాను. ముందు పెదవి విరిచింది. అవి అసలు ఈ నేలవే కావట. ఎప్పుడో ఎవరో పెంచుకుని వదిలేసి ఉంటారట, వెచ్చగా ఉంది కాబట్టి నిలబడ్డాయట. "ఇక్కడివి కావమ్మా, పోవడమే ఏటికి మంచిది" అంది. నేనూరుకుంటానా! "నువ్వు మాత్రం ఇక్కడే పుట్టావా? నేను పుట్టానా? పని ఉంది, నీళ్లు వెచ్చగా ఉన్నాయి, ఉండిపోయాం. మన ఇద్దర్నీ కూడా తీసి పారేస్తారా?" అన్నాను. కళ్లజోడు సర్దుకుని వెళ్లిపోయింది. సాయంత్రం మళ్లీ వచ్చి, పాముల గది పక్కన వెచ్చటి తొట్టి ఒకటి ఖాళీగా ఉందమ్మా అంది.

వ్యానులో బయల్దేరింది. టబ్బులూ, వలలూ, మోకాళ్ల దాకా బూట్లూ వేసుకుని. మరదల్ని మంచి భోజనం పెట్టమను. కోపం ఇంకా ఉంది, కాస్త తగ్గింది.

అక్క

క్వార్టర్సు, పొద్దున్న చలి

అక్కా,

డాక్టరమ్మ భలే మనిషి. బూట్లు వేసుకుని దిగింది, నీళ్లు తగలగానే "అబ్బ, ఎంత హాయిగా ఉందండీ!" అని బూట్లు విప్పేసి మళ్లీ దిగింది. తాబేళ్లు పట్టడం అయిపోయినా చాలాసేపు పైకి రాలేదు. ఇంకా ఉన్నాయేమో చూస్తున్నానంది. నేనూ అడ్డు చెప్పలేదు.

ఇంచుమించు అన్నీ దొరికాయి. దొరకనిది మేస్త్రీ ఒక్కటే. వల చూడగానే దుంగ మీంచి జారి లోతులోకి పోయింది. రెండు పూటలు కాపు కాశాం. ఆవిడ వెళ్లాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్న పంపు ఆపాను. అందరూ చప్పట్లు కొట్టారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. చెవుల్లో ఏదో పోయినట్టుంది, ఆ హోరు లేకుండా ఈ ఊరు ఎలా ఉంటుందో మాకెవరికీ తెలీదు. నేను నేరుగా ఒడ్డుకి వెళ్లాను. ఆవిరి పల్చబడి పల్చబడి మధ్యాహ్నానికి లేకుండా పోయింది. తర్వాత కొంగలు ఒక్కొక్కటే లేచాయి. చెయ్యి ముంచి చూశాను. అమ్మ ఉంటే, జ్వరం తగ్గిందిరా అనేది. జ్వరం తగ్గితే సంతోషించాలి కదక్కా. నాకు మాత్రం చచ్చేంత ఏడుపొచ్చింది.

ఇప్పుడు అంచులు గడ్డకట్టాయి. నాచు నల్లబడింది. దుంగ ఖాళీగా ఉంది. రోజూ వెళ్తున్నాను, ఎందుకు వెళ్తున్నావని మీ మరదలు అడగడం మానేసింది. దాని దగ్గు కాస్త నయం. నిన్న చీరలు దులపకుండానే మడతపెట్టింది.

డాక్టరమ్మ చేతికి ఫ్లాస్కు ఒకటి ఇచ్చాను, అందిందా?

తమ్ముడు

మ్యూజియం, కొత్త హాలు

ఒరేయ్ తమ్ముడూ,

అందింది. తెలివితక్కువ వెధవా, ఫ్లాస్కు మీద "కాఫీ కాదు" అని చీటీ అతికించకపోతే తాగేసేదాన్ని.

షెడ్డులో తలుపేసుకుని, రంగులు కలిపే బేసిన్ కడిగి అందులో పోశాను. మన ఏటి నీళ్లు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయిరా. ఒక కాలికే సరిపోయాయి. ఏ కాలు పెట్టాలా అని తెగ ఆలోచించి, నొప్పి ఎక్కువున్న ఎడమకాలు పెట్టాను. నాచు వాసన వచ్చింది. అమ్మ చీర కుచ్చిళ్లు తడిసిన వాసన వచ్చింది. చల్లారే దాకా కూర్చున్నాను. నీ మీద కోపం ఆ నీళ్లతోనే పారబోశాను.

ఇక గోడ సంగతి. మంచు పెట్టి మళ్లీ గీయమన్నారు. బ్రష్షు పట్టుకున్నాను గానీ చెయ్యి ఆడలేదు. నేను చూడని ఏటిని ఎలా గీయను? అందుకని ఆవిరి, నాచు, కొంగలు అన్నీ ఉంచేశాను. గుహ మూతి మీద తీగల్ని మాత్రం గోకేసి, నువ్వు చెప్పినట్టు సిమెంటు చట్రం, ఇనప ఊచలు గీశాను. నీళ్లలో చిమ్నీ నీడ పెట్టాను, మనం వీపు పెట్టి కూర్చున్నది దానికే. మ్యూజియం పెద్దాయన చూసి, ప్రకృతి హాల్లో ఇదేమిటని గగ్గోలు పెట్టాడు. డాక్టరమ్మ అడ్డుపడింది. "ఇన్ని గోడల్లో నిజంగా ఉన్న ఏరు ఇదొక్కటేనండీ" అంది. పాత పేరు పలక తీసేశారు. కొత్త పేరు ఏం పెట్టాలో ఇంకా తేలలేదు.

మన తాబేళ్లు తొట్టిలో తిని పడుకుంటున్నాయి. పిల్లలు అద్దానికి ముక్కులానించి చూస్తున్నారు. గోడ మీద దుంగ చివర మేస్త్రీని అలాగే ఉంచాను. అది పోయిందని నువ్వూ రాయలేదు, నేనూ అడగను.

రిటైరయ్యాను. పూలదండ వేశారు, నాకది దురద.

మీ అక్క

క్వార్టర్సు, ఎండ కాసిన రోజు

అక్కా,

ఆత్రంగా రాస్తున్నాను, దస్తూరీ చూసి తిట్టకు. మీ మరదలు పక్కనే ఉండి త్వరగా రాయమని పొడుస్తోంది.

మంచు కరిగి చాలా రోజులైంది. ఒడ్డున పైనుంచి కొట్టుకొచ్చిన మొక్కలు ఏవో మొలిచాయి. మన చిన్నప్పుడు ఇవి లేవు, పేర్లు తెలీవు. నీలంగా ఉన్న చిన్న పిట్ట ఒకటి వస్తోంది. అదీ మనకి కొత్తే. వంతెన అవతల వాళ్లు మాత్రం, ఇవి ఎప్పుడూ ఉన్నవే కదా అంటున్నారు. ఉన్న ఊళ్లోనే చుట్టపుచూపుగా వచ్చినట్టుంది నాకు.

ఇవాళ మీ మరదలు కూడా నాతో వచ్చింది. గట్టు ఎక్కింది, ఒక్కసారి కూడా ఆగి దగ్గలేదు. పైకొచ్చి నా మోచెయ్యి పట్టుకుని, "ఏవండీ, దుంగ చూడండి" అంది.

ఒళ్లంతా బురద. అంతా ఎండి పెచ్చులు కట్టి ఉంది. సగానికి సగం చిక్కిపోయింది. ముందు రాయనుకున్నాను. మెడ బయటికి చాచింది. డిప్ప అంచు విరిగి ఉందక్కా. మన మేస్త్రీనే! అంత వయసొచ్చాక, ఎవరూ చెప్పకుండా, మట్టిలో దూరి పడుకుని లేచొచ్చింది. మేమిద్దరం ఒడ్డున కూర్చుని పిచ్చివాళ్లలా నవ్వుతూనే ఉన్నాం. ఈసారి చిమ్నీకి ఎదురుగా కూర్చున్నాం. పొగ లేదు, పిట్టలు గూడు కట్టుకుంటున్నాయి దాని మీద.

మీ డాక్టరమ్మని నేనడిగానని అడుగు. ఇది ఇక్కడిది కాదందిగా? ఇక్కడి మట్టిలో ఒక చలికాలం పడుకుని లేచింది. ఇంకా ఎన్నిసార్లు లేస్తే ఇక్కడిదవుతుందో కనుక్కుని చెప్పు.

నువ్వు రా. గోడ అయిపోయింది, దండ కూడా వేశారు, ఇంకేం వంక లేదు నీకు. నీళ్లు మాత్రం చల్లగా ఉంటాయి. మోకాళ్లకి మంచిది కాదు, అయినా దిగుదాం. ముందు నేను చెయ్యి ముంచి చూస్తాను.

తమ్ముడు